కరెంటు పోయిన రాత్రి ఎన్ని చేపలు?

విశాఖపట్నంలో ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి చేపలు పెంచుతానంటే, వినేవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటే. "నీకేంటి గురూ, సముద్రం వాకిట్లోనే ఉంది. రెండు డబ్బాలు ముంచుకొస్తే సరి!" బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లున్నవాడికి ఆ మాట నిజమే అనిపిస్తుంది. తీరా దిగాక తెలుస్తుంది. రంగురంగుల పగడాలు, వాటి మధ్య నిండుగా చేపలు ఉన్న ట్యాంకును ఈ ఊళ్లో నడపడం కొన్ని విషయాల్లో హైదరాబాదులో కంటే కష్టం. నీళ్ల దగ్గర కష్టం, ఎండాకాలం కష్టం, తుపాను రాత్రి మరీ కష్టం. ఆ కష్టాలేమిటో తెలిసీ పెంచాలనుకునేవాళ్ల కోసం ఈ ప్రసంగం.

రేడియోలో రంగుల గురించి మాట్లాడడం వింతగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. అయితే ఈ ట్యాంకును సగం చెవులతోనే కాపలా కాయాలి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగిన ఎర్ర రాయి గుర్తొస్తుంది. కానీ పగడం జంతువు. గోరంత నోరు, చుట్టూ మెత్తటి వేళ్లు, అలాంటివి వందలూ వేలూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే కాలనీగా బతుకుతాయి. వాటి కండలో కంటికి కనిపించని నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురు పడితే ఆ కణాలు చక్కెర తయారుచేస్తాయి. పగడం తినే తిండిలో పెద్ద వాటా అదే. ఇందులో చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ నాచు కణాల రంగు ఉత్త గోధుమ. మనం మురిసిపోయే ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులు పగడం సొంతంగా తయారుచేసుకునే ప్రొటీన్లవి. వాటిలో చాలావరకు నీలి వెలుతురు పడితే తామే వెలుగుతున్నట్టు మెరుస్తాయి. సముద్రపు ట్యాంకుల మీద నీలి ఎల్ఈడీలు పెట్టేది అందుకే.

ఇప్పుడు నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగాయనుకోండి. పొలానికి ఎరువు వేసినట్టే, పగడం లోపలి నాచు కణాలు విపరీతంగా పెరుగుతాయి. ప్రొటీన్ల రంగులు వాటి చాటున పడిపోతాయి. మూడు నెలల కింద గులాబీ రంగులో కొన్న పగడం గోధుమ రంగుకు దిగుతుంది. చచ్చిపోదు, అందం పోతుంది. అదే నీరు బాగా వేడెక్కితే పగడం ఆ కణాలను బయటికి నెట్టేసి తెల్లగా పాలిపోతుంది. అప్పుడిక ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఈ ఆటలోని అసలు తకరారు ఇక్కడే ఉంది. రంగు నిలబడాలంటే నీరు కాస్త పేదగా ఉండాలి. లక్షద్వీప్, అండమాన్ దిబ్బల చుట్టూ ఉండే తేట నీరు అలాంటిదే. చేపలు నిండుగా ఉండాలంటే రోజుకు రెండు మూడు సార్లు మేత పడాలి. మేత పడిన నీరు పేదగా ఉండదు. రంగూ కావాలి, రద్దీ కూడా కావాలి అనేవాడు రోజూ ట్యాంకులో ఎంత వేస్తున్నాడో, అంత మలినాన్ని ఏదో ఒక దారిన బయటికి తీస్తూనే ఉండాలి. తీసే యంత్రాలన్నీ కరెంటు మీద నడుస్తాయి. కాబట్టి ట్యాంకులో ఎన్ని చేపలు పట్టాయన్నది అద్దం పెట్టె సైజును బట్టి తేలే లెక్క కాదని నా వాదన. కరెంటు పోయిన రాత్రి ఎన్ని చేపలు తెల్లారేదాకా బతుకుతాయో, అన్నే ఆ ట్యాంకులో పట్టినట్టు.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. మన తీరానికి ఈ ఊళ్లోనే మంచి శాస్త్ర చరిత్ర ఉంది. 1950లలో ఈ.సి. లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి విశాఖ తీరపు నీటిని కొలిచారు. అదే కాలంలో జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు లాసన్స్ బే నీటిలో తేలియాడే సూక్ష్మజీవుల మీద పనిచేశారు. ఆ రోజుల నుంచీ తెలిసిన విషయం ఏమిటంటే, మన సముద్రం ఏడాది పొడుగునా ఒకే సముద్రం కాదు. వేసవి మొదట్లో, గాలుల ఊపుకు ఒడ్డు దగ్గర నీరు పక్కకు తప్పుకుని, లోతు నుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. వానాకాలం ముగిసే వేళకు గంగ, మహానది వంటి నదులు కుమ్మరించిన మంచినీరు ఉత్తరం నుంచి తీరం వెంట దిగివస్తుంది. పగడాలకు కావలసిన ఉప్పదనం లీటరుకు 35 గ్రాములు. ఏప్రిల్లో మన తీరపు నీరు దానికి దగ్గరగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరులలో 30 కంటే కిందికి పడిపోవడం మామూలే. ఏప్రిల్లో తెచ్చిన బిందె, అక్టోబరులో తెచ్చిన బిందె ఒకే చోట ముంచినవైనా, పగడానికి మాత్రం రెండూ రెండు వేర్వేరు ఊళ్ల నీళ్లు.

ముంచే చోటు సంగతి సరేసరి. మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే లోపలి హార్బరు నీళ్లు ఎవరూ తెచ్చుకోరనుకుంటాను. భీమిలిలో గోస్తని కలిసే చోటు చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ నీళ్లూ పనికిరావు. తెలిసినవాళ్ల పడవ మీద లోపలికి వెళ్లి, సెలైనిటీ కొలిచి, వడకట్టి, చీకట్లో నాలుగు వారాలు నిలవ ఉంచి వాడేవాళ్లు ఉన్నారు. అంత ఓపిక ఉంటే మంచిదే. లేనివాళ్లకు ఆర్వో నీళ్లు, దుకాణంలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమం దారి. 200 లీటర్ల ట్యాంకుకు వారానికి 20 లీటర్లు మార్చాలంటే దాదాపు 700 గ్రాముల ఉప్పు పడుతుంది.

ఇక్కడ ఓ చిన్న మెలిక ఉంది. మన ఇళ్లలో ఉండే తాగునీటి ఆర్వో మెషీన్లలో చాలావాటికి రుచి కోసం లవణాలను తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. మనకది మంచిదే, ట్యాంకుకు పనికిరాదు. కలిపే ముందు దశ నుంచే నీళ్లు పట్టి, టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇంకో మాట. ఆవిరై తగ్గిన నీటిని మంచినీటితోనే నింపాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. తగ్గినప్పుడల్లా ఉప్పునీరే పోస్తూ పోయినవాడి ట్యాంకు నెల తిరిగేలోపు ఉప్పుకయ్య అవుతుంది.

ఓడరేవు ఉన్న ఊరు కదా, గాలిలో బొగ్గు పొడి, ఖనిజపు పొడి తిరుగుతుంటాయి. కిటికీ ఊచ మీద వేలు పెట్టి గీస్తే తెలిసిపోతుంది. ఇనుము పాచికి మంచి మేత. రాగి అయితే రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. అందుకని ట్యాంకుకే కాదు, కింద ఉండే సంప్‌కు కూడా మూత ఉండాలి. లోపల ఇనుప క్లిప్పు, రాగి గొట్టం, తుప్పు పట్టే అయస్కాంతం ఏవీ ఉండకూడదు. ఉక్కు నగరంలో ఉంటూ, తొట్టిలో ఇనుప ముక్క లేకుండా చూసుకోవడమే మన పని!

ఇక రద్దీ విషయం. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మన విశాఖ తీరంలోనే, బహిరంగ సముద్రంలో 15 మీటర్ల వ్యాసం ఉన్న పెద్ద పంజరం దింపి పండుగప్పను పెంచారు. దేశంలో సముద్ర పంజరాల సాగుకు అది నాంది. వేలాది చేపలు ఒక వల గుండ్రంలో ఎలా బతికాయి? ప్రవాహం వల కన్నాల్లోంచి రాత్రీ పగలూ మలినాన్ని తీసుకుపోతుంది, కొత్త నీటిని తీసుకొస్తుంది. దానికి బిల్లు లేదు. ఇంట్లో అద్దం పెట్టెకు ఆ కన్నాలు లేవు. చేప విసర్జించేది అమ్మోనియా. సముద్రపు నీటి పీహెచ్ ఎనిమిదికి పైనే ఉంటుంది కాబట్టి, మంచినీటి తొట్టిలో కంటే ఇక్కడ ఆ అమ్మోనియా ఎక్కువ ప్రమాదం. ట్యాంకులో పేర్చిన రాళ్ల రంధ్రాల్లో కాపురం పెట్టే బాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. ఆ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ చేపలు లేని తొట్టిలో నీళ్లు తిప్పుతూ కూర్చోవాలి. ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నైట్రేటు దాకా వచ్చింది, అక్కడ ఆగిపోతుంది. దాన్ని బయటికి తీయాలి. నీళ్లు మార్చడం ఒక దారి. సంప్‌లో వెలుతురు పెట్టి, పట్టుకుంటే వైరు చుట్టలా ఉండే ఒక రకం ఆకుపచ్చ నాచును పెంచి, పెరిగిందాన్ని పెరిగినట్టు తీసి పారేయడం ఇంకో దారి. వీటన్నిటికంటే ముందు, మేత నైట్రేటుగా మారకముందే పట్టేసేది ప్రొటీన్ స్కిమ్మర్. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

స్కిమ్మర్ ఒక నిలువు గొట్టం. కింద నుంచి పంపు గాలిని లక్షల బుడగలుగా చిదిమి నీటిలోకి వదులుతుంది. కరిగి ఉన్న కొవ్వులు, ప్రొటీన్లు బుడగల పొరకు అంటుకుని పైకి నురగలా లేస్తాయి. ఆ నురగ పైనున్న కప్పులోకి పొంగి విరుగుతుంది. తుపాను తర్వాత మన బీచ్‌లో ఇసుక మీద తెట్టెలు కట్టే నురగను చూసే ఉంటారు. అదీ ఇదే పని. అలలు అక్కడ ఉచితంగా చేసేదాన్ని ఇక్కడ పదిహేను, ఇరవై వాట్ల పంపు చేస్తుంది. చేపలు నిండుగా ఉన్న ట్యాంకు స్కిమ్మర్ కప్పును రెండు రోజులకోసారి తీసి చూడండి. అడుగున చిక్కటి డికాషన్ రంగు నీళ్లు, గోడల మీద నల్లాకుపచ్చ జిడ్డు. మూత తీయగానే మధ్యాహ్నం పూట ఫిషింగ్ హార్బరులో నిలబడ్డట్టే ఉంటుంది వాసన. ఆ కప్పును సింకులో కడిగితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు, పెరట్లోకి తీసుకుపోవాలి. కానీ ఆ కప్పులో ఉన్నదంతా పగడాల రంగును మింగకుండా బయటికి వచ్చిన సరుకు. గొట్టం మెడలో జిడ్డు పేరుకుంటే నురగ పైకి ఎక్కదు. మెత్తటి గుడ్డతో మెడ తుడవడం ఒక్కటి మానేసినా, ఎంత ఖరీదైన స్కిమ్మరైనా దండగే.

చెవుల సంగతి చెబుతానన్నాను కదా. నడుస్తున్న ట్యాంకుకు ఒక శబ్దం ఉంటుంది. పైకి నీళ్లెక్కించే పంపు గుయ్‌మంటూ ఉంటుంది. కిందికి దిగే గొట్టం గలగలమంటుంది. స్కిమ్మర్ గాలి పీల్చే సన్నటి గొట్టం సుయ్‌మంటూ ఉంటుంది. పక్క గదిలో పడుకున్నవాడికి ఈ మూడూ కలిసి ఒక్కటిగా వినిపిస్తాయి. గాలి గొట్టం చివర ఉప్పు పేరుకుని మూసుకుపోతే సుయ్‌మనడం ఆగిపోతుంది. పైనుంచి దిగే గొట్టంలో నత్త ఇరుక్కుంటే గలగల గుటకలుగా మారుతుంది. కాసేపటికి నీళ్లు నేల మీదికి వస్తాయి. నీళ్లు పారాక చూసి తెలుసుకోవడం కంటే, శబ్దం మారగానే లేవడం నయం. అన్నట్టు, ఈ ఉప్పు ప్లగ్గుల మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. వైరు గోడకు చేరే ముందు కాస్త కిందికి వేలాడేలా ఉంచితే, జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా అక్కడే రాలుతుంది. ట్యాంకు లైనుకు లీకేజీ బ్రేకరు తప్పనిసరి. ఈ విషయంలో బేరాలు వద్దు.

చేపల ఎంపికలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలున్నాయి. 2003లో 'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చినప్పటి నుంచి పిల్లలు నారింజ రంగు క్లౌన్ చేపను, దాంతోపాటు నీలి రంగు టాంగ్‌ను అడుగుతారు. క్లౌన్‌ను తెచ్చుకోండి, హాయిగా. మన దేశంలోనే, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ల మండపం, విళింజం కేంద్రాల్లో క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించి పెంచారు. హేచరీ పిల్ల తొట్టిలో పుట్టింది, తొట్టి తిండి తింటుంది, రెండు దశాబ్దాలు బతకగలదు. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే తర్వాతి మగది ఆడదిగా మారుతుంది. జత కుదిరి రాయి మీద గుడ్లు పెడితే, వారం పైచిలుకు మగచేప వాటిని ఊదుతూ, తుడుస్తూ కాపలా కాస్తుంది. ఆ వారంలో తొట్టిలో చేయి పెడితే యజమాని అని కూడా చూడదు, కరుస్తుంది.

నీలి టాంగ్ మాత్రం వద్దు. దుకాణంలో రెండంగుళాలు ఉంటుంది, పెరిగితే అడుగు పొడుగు. దానికి ఈదడానికి చోటు కావాలి. పైగా సముద్రపు అక్వేరియం చేపల్లో ఎక్కువ రకాలు ఇప్పటికీ సముద్రం నుంచి పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దిబ్బల్లో సైనైడు చల్లి చేపలను మత్తెక్కించి పట్టే పద్ధతి దశాబ్దాలు సాగింది. అలా వచ్చిన చేప మెరుస్తూనే ఉంటుంది, నెలకో రెణ్నెల్లకో కారణం తెలియకుండా పోతుంది. హేచరీ చేప కాస్త ఖరీదైనా చివరికి చవక.

నిండుగా పెంచేవాళ్లు నీళ్ల లెక్క ఒక్కటే చూస్తారు. నేనైతే రాళ్లలోని గూళ్లు లెక్కపెట్టమంటాను. లైట్లు ఆరిన గంటకు చిన్న టార్చి వేసి చూడండి. ప్రతి చేపా తన సందులో దూరి ఉంటుంది. పగటి రంగు వెలిసిపోయి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కొన్ని రకాలు ఇసుకలో కూరుకుని పడుకుంటాయి. ఏ గూడూ దొరకనిది మాత్రం మూల నుంచి మూలకు తిరుగుతూ, ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్ల చేత తన్నులు తింటూ ఉంటుంది. తెల్లారేసరికి దాని రెక్కలు చిరిగి ఉంటాయి. అలాంటి చేప ఒక్కటి కనిపించినా, ట్యాంకులో ఒకటి ఎక్కువైనట్టే. సాధువులను ముందు, రౌడీలను చివర వేయాలన్నది అందుకే. డామ్‌సెల్ చేపను మొదట వేస్తే ట్యాంకంతా దాని జాగీరైపోతుంది.

కొత్త చేపను విడి తొట్టిలో కనీసం నాలుగు వారాలు ఉంచకుండా కలపకండి. ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు పొడిచే జబ్బు ఒకటుంది. దాని మందు రాగి. రాగి పగడాలకు పనికిరాదని ఇందాకే అనుకున్నాం. అంటే జబ్బు పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే, చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును పది వారాలకు పైగా చేపల్లేకుండా వదిలేయాలి. రాళ్ల మధ్య పాతిక చేపలను వలతో పట్టి చూసినవాడు మళ్లీ విడి తొట్టి మాట మర్చిపోడు.

ఇప్పుడు వేడి. పగడాలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెలలో హైదరాబాదులో 41 డిగ్రీలుంటుంది, విశాఖలో 35 ఉంటుంది. మనకే తేలికనుకుంటాం. కాదు. నీటి మీద ఫ్యాను పెడితే ఆవిరవుతూ చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. హైదరాబాదు గాలి పొడి కాబట్టి, అక్కడ చిన్న ఫ్యాను ట్యాంకును చాలాదూరం కిందికి దింపుతుంది. మన ఉక్కపోతలో గాలే తడిసి ఉంటుంది, ఇంక నీటినేం పీల్చుకుంటుంది? మేలో ఇక్కడ ఎంత ఫ్యాను తిప్పినా 29 దగ్గర ఆగిపోవచ్చు. చేపలు ఓర్చుకుంటాయి, పగడాలు ఎక్కువ రోజులు ఓర్చుకోలేకపోవచ్చు. విశాఖలో నీటిని చల్లబరిచే చిల్లరు పెట్టాల్సిందే, లేదా ఆ గదిలో ఏసీ నడవాల్సిందే. కరెంటు బిల్లు ఈ సరదాలో అసలు ఖర్చు. అద్దం పెట్టె ఖరీదు చూసి మొదలుపెట్టేవాళ్లు ఇది ముందే లెక్క వేసుకోవాలి.

బిల్లు కట్టేసినా కరెంటు వస్తుందన్న హామీ లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను పేరు చెబితే ఈ ఊళ్లో ఎవరికీ తేదీ గుర్తుచేయక్కర్లేదు. చెట్లు, స్తంభాలు కూలిపోయి, చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు. పాలకు, తాగునీళ్లకు, పెట్రోలుకు జనం బారులు తీరారు. అలాంటి రాత్రి ట్యాంకులో ఏం జరుగుతుందో చెబుతాను. పంపు ఆగిపోతుంది. 27 డిగ్రీల ఉప్పునీటిలో నిండుగా ఉంటే లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువు పడుతుంది, అంతే. నీరు వేడెక్కే కొద్దీ అదీ తగ్గుతుంది, చేపల అవసరమేమో పెరుగుతుంది. పగలు వెలుతురులో ప్రాణవాయువు ఇచ్చే పగడాలు, నాచు, చీకటి పడ్డాక అవే పీల్చుకుంటాయి. రాళ్లలోని బాక్టీరియాకూ అదే కావాలి. నిండు ట్యాంకులో కొన్ని గంటల్లోనే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మొదట పోయేవి పెద్దవి, ఖరీదైనవి.

ఈ పాఠం మన కోస్తాలో కొత్తది కాదు. భీమవరం, కైకలూరు వైపు ఏ రొయ్యల రైతును అడిగినా చెబుతాడు, తెల్లవారుజామున డీవో, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, పడిపోతుందని. రాత్రి ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో అతనికి తెలుసు కాబట్టి, చెరువులో సీడ్ వేసేముందే జనరేటర్ సంగతి చూసుకుంటాడు. 2009లో వనామీ రొయ్య మన రాష్ట్రానికి వచ్చాక చెరువులు మరింత చిక్కబడ్డాయి, ఏరేటర్లు పెరిగాయి, ఊరూరా నీటి పరీక్షల ల్యాబులు వెలిశాయి. ఆల్కలినిటీ, అమ్మోనియా, మెగ్నీషియం అన్న మాటలు అక్కడ కిళ్లీకొట్టు దగ్గర కూడా వినిపిస్తాయి. పగడాల ట్యాంకుకు కావలసిన పరీక్షలూ దాదాపు ఇవే. ఆల్కలినిటీ 140 పీపీఎం ప్రాంతంలో, కాల్షియం 420, మెగ్నీషియం 1300 చుట్టూ ఉంటే చాలు. విదేశీ కిట్టు దొరకలేదని దిగులుపడేకంటే, ఆక్వా మందుల షాపులో అడిగి చూడండి.

కరెంటు పోయినప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. మొదటిది గాలి, రెండోది చల్లదనం, వెలుతురు ఆఖరిది. బ్యాటరీతో నడిచే గాలి పంపులు చవకగా దొరుకుతాయి. ఇన్వర్టర్ ఉంటే చిల్లరును, లైట్లను దాని మీద పెట్టకండి. పది వాట్ల పంపు ఒక్కటే పెడితే, ఇంట్లో మామూలుగా ఉండే పెద్ద బ్యాటరీ రెండు రోజుల దాకా లాగొచ్చు. ఏమీ లేకపోతే చెంబుతో నీళ్లు తోడి, జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, అదీ గాలే. మేత పూర్తిగా ఆపేయాలి. ఆరోగ్యంగా ఉన్న చేప కొన్ని రోజులు తినకపోయినా ఏమీ కాదు, తిన్నదే నీటిని పాడుచేస్తుంది. చీకట్లో రెండు మూడు రోజులు పగడాలు ఓర్చుకుంటాయి. గంటల తరబడి ఆగిపోయిన డబ్బా ఫిల్టరును కరెంటు రాగానే ఆన్ చేయకండి. లోపల కుళ్లిన నీరు ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తుంది. విప్పి, కడిగి, అప్పుడు పెట్టండి.

ఇక చట్టం. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. ఋషికొండ, పుడిమడక వైపు సముద్రం అడుగున రాతి పట్టుల్లో పగడాలున్నాయి. ఆటు సమయంలో జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు కింద రాళ్ల మడుగుల్లో ఆకుపచ్చ తివాచీలా పరుచుకున్న జొవాంథిడ్లనే పగడాల చుట్టాలు, సముద్రపు పువ్వులు కనిపిస్తాయి. చూడండి, పిల్లలకు చూపించండి. ఇంటికి మాత్రం ఏదీ తేవద్దు. రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను, సముద్రపు గుర్రాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. ఉల్లంఘిస్తే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. అలంకారానికి పెట్టుకునే చచ్చిన పగడపు రాయి కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. విదేశాల నుంచి వచ్చిన రాతి పగడం అని దుకాణదారు అంటే, అంతర్జాతీయ వన్యజీవుల వాణిజ్య ఒప్పందం కింద ఇచ్చే దిగుమతి పత్రాలు చూపించమనండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. ట్యాంకులో పేర్చడానికి సిరామిక్ రాళ్లు, సిమెంటుతో పోసిన రాళ్లు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. బాక్టీరియాకు కావలసింది రంధ్రాలే, వంశం కాదు.

జొవాంథిడ్ల గురించి ఒక హెచ్చరిక. వాటిలో కొన్ని రకాలకు పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకండి, బ్రష్షుతో రుద్దకండి. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని నీళ్లలో మరిగించారంటే, ఆ ఆవిరికి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారు.

ఇన్ని చెప్పాక, ట్యాంకు చక్కగా కుదిరి, పగడాలు రంగు తిరిగి, చేపలు నిండుగా ఉన్నప్పుడు కూడా దుకాణంలో ఇంకో చేప కనిపిస్తుంది. మనసు లాగుతుంది. కొనే ముందు ఒక్క పరీక్ష చేయండి. ఓ సెలవురోజు రాత్రి లైట్లు ఆరాక ట్యాంకు మెయిన్ స్విచ్ ఆపేసి, బ్యాటరీ పంపు చేతికి అందేలా పెట్టుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోండి. రెండు గంటలు గడవకముందే ఏ చేపైనా పైకొచ్చి నోరు తెరిచిందంటే, పంపు పెట్టేయండి. ఆ కొత్త చేపను దుకాణంలోనే ఉండనివ్వండి, మీ ట్యాంకులో ఉన్నవాటిలోనూ రెండింటికి వేరే ఇల్లు చూడండి.